ఆ ఏడు మా చేలో కప్పలు అరవలేదు

తొలకరి పడిన మొదటి రాత్రి మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టేది కాదు. ఉరుములకి కాదు, కప్పల గోలకి. పశ్చిమ గోదావరి డెల్టాలో, భీమవరానికి దగ్గర్లోనే మా ఊరు. మా ఇల్లు ఊరి చివర. పెరటి దడి దాటితే పంటబోదె, బోదె దాటితే మా మూడెకరాల చేను, ఆ పైన కంటికి ఆనినంత మేర చేలే. సాయంత్రం నాలుగు చినుకులు పడి మట్టివాసన లేచి, చీకటి పడేసరికి వాన జోరందుకుందంటే చాలు, ఓ గంటకల్లా బోదెలోంచి మొదటి కప్ప అరిచేది. దానికోసమే కాచుక్కూర్చున్నట్టు నాలుగు దిక్కుల నుంచీ మిగతావి అందుకునేవి. పెద్దవాటి గొంతు ఒకలా, చిన్నవాటిది ఇంకోలా, మధ్యలో కీచురాళ్లు. పక్క మంచం మీద మనిషి మాట్లాడినా వినపడేది కాదు. నాన్న మాత్రం అరుగు మీద నులకమంచం వేసుకుని హాయిగా వింటూ పడుకునేవారు. "పెద్దవి దిగాయిరా, బోదెలో నీళ్లు నిలబడ్డట్టే" అనేవారు. పొద్దున్న వెళ్లి చూస్తే నిజంగానే మోకాల్లోతు ఉండేవి.

తెల్లారగానే నేనూ మా తమ్ముడూ బోదె గట్టు మీదకి పరిగెత్తేవాళ్లం. ఏడాదంతా మట్టిరంగులో గడ్డిలో కలిసిపోయి కనపడకుండా తిరిగే బోదురుకప్పలు ఆ కాసిని రోజులు మాత్రం పసుపు రంగుకి తిరిగేవి. మామూలు పసుపు కాదు, పండిన నిమ్మకాయ రంగు. గొంతుకి రెండు పక్కలా నీలం సంచులు, అరిచినప్పుడల్లా బుడగల్లా ఉబ్బేవి. అవి మగవని, ఆడకప్పల్ని పిలవడానికే ఆ రంగూ ఆ అరుపూ అని నాకు చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. నీళ్లు నిలిచిన మడిలో పాతికో ముప్పయ్యో ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎగిరి మీద పడుతూ ఉంటే, మబ్బు పట్టిన ఆ మసక వెలుతురులో ఎవరో చేమంతులు గుమ్మరించినట్టు ఉండేది. ఆ సందడి తగ్గాక మళ్లీ మట్టిరంగే.

ఏప్రిల్లో కాలవలు కట్టేసి, రెండో పంట దాళ్వా కోతలయ్యాక, చేను కాలు దిగేంత నెర్రెలిచ్చేది కదా, అప్పుడు ఇవన్నీ ఎక్కడుంటాయి? మా నానమ్మ వానతోపాటు ఆకాశంలోంచి పడతాయనేది. నేను నమ్మాను కూడా. ఓ ఎండాకాలం నాన్న గట్టుకి గండి పూడుస్తూ పారతో లోతుగా ఓ పెళ్ల తీసి, నన్ను పిలిచి చూపించారు. కాస్త తేమ ఉన్న బంకమట్టిలో, సరిగ్గా తన ఒళ్లు పట్టేంత గూట్లో, కాళ్లు ముడుచుకుని ఒక బోదురుకప్ప. కళ్లు సగం మూసుకుని ఉంది. చచ్చిపోయిందనుకుని వేలితో తాకితే గొంతు కింద చర్మం ఒక్కసారి కదిలింది, అంతే. నాన్న ఆ పెళ్లని మళ్లీ అలాగే దాని మీద పెట్టి, చేత్తో నెమ్మదిగా అదిమారు. "నీళ్ల కోసం కూర్చుంది, మనలాగే" అన్నారు.

నాన్న ఏడో తరగతి దాకా చదువుకున్నారు. ఏ జీవశాస్త్రం పుస్తకమూ చదవలేదు. కానీ చేలో ఎవరు ఎవర్ని తింటారో, ఎవరి వల్ల ఎవరు బతుకుతారో ఆయనకి మా ఇంటి బంధుత్వాలు తెలిసినంత బాగా తెలుసు. పీతలు గట్లకి బొక్కలు పెడితే మడిలో నీళ్లు కారిపోతాయి, ఆ పిల్లపీతల్ని పెద్దకప్పలు తింటాయి. కప్పల కోసం నీరుకట్టెలు, జెర్రిపోతులు వస్తాయి. ఆ జెర్రిపోతే పంట ఈనేవేళకి ఎలుకల బొరియల్లో దూరుతుంది. అందుకే మా చేలో జెర్రిపోతుని ఎవరైనా కర్రతో కొట్టబోతే నాన్న కేకలేసేవారు. దుక్కి దున్నుతుంటే ఎడ్ల వెనకాల కొంగలు వరసకట్టేవి, తిరగబడ్డ మట్టిలో పురుగుల కోసం. నాట్లయ్యాక చేను మధ్యలో అక్కడక్కడా తాటిమట్టలు పాతేవారు. పగలు వాటి మీద నల్లగా తోక చీలిన ఏట్రింతలు వాలి పురుగుల్ని పట్టేవి, రాత్రి అవే మట్టల మీద గుడ్లగూబ కూర్చునేది. ఇంటి మీద వాలితే అపశకునం అనుకునే గుడ్లగూబకి చేలో మాత్రం పీట వేసి కూర్చోబెట్టినట్టన్నమాట. కోతలయ్యాక బాతుల మందలు దిగేవి, రాలిన గింజలూ నత్తలూ ఏరుకు తిని, రెట్టలతో చేనుకి బలం ఇచ్చి పోయేవి. వీటిలో దేనికీ నాన్న పైసా ఇచ్చింది లేదు. ఎలుకలు మరీ ఎక్కువైన ఏడు వెదురు బుట్టలు పెట్టేవాళ్లని పిలిచి, తోకకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవారు. ఆ లెక్కింపు నా పని.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. 1982లోనో 83లోనో, నాకు 11 ఏళ్లుంటాయి. ఊళ్లోకి కప్పల బేరగాళ్లు వచ్చారు. బోదురుకప్పల వెనక కాళ్లు విదేశాల్లో తింటారట, పడవల మీద పంపుతారట, ఎన్ని తెచ్చినా కొంటారట. మొదట అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి ఊళ్లో సగం మంది కుర్రాళ్లు రాత్రిళ్లు గట్ల మీదే ఉన్నారు. మా వీధి చివరింటి మావయ్య నన్నూ తీసుకెళ్లేవాడు, గోనెసంచి మూతి తెరిచి పట్టుకోడానికి. ఆయన చేతిలో పెట్రోమాక్స్ లైటు. ఆ తెల్లటి వెలుగు మొహం మీద పడగానే కప్ప కదలకుండా ఉండిపోయేది, కళ్లు మాత్రం మెరిసేవి. వెనకనుంచి నడుం దగ్గర ఒడిసి పట్టుకోవడం, సంచిలో వెయ్యడం. తడి గోనె లోపల అవి తన్నుకుంటుంటే సంచి నా పొట్టకి ఆనుకుని బతికున్న ప్రాణిలా కదిలేది. ఒక్కో రాత్రి రెండు సంచులు నిండేవి. నా వాటాకి రెండు రూపాయలు వచ్చాయి ఓసారి, ఆ డబ్బుతో నేనూ తమ్ముడూ భీమవరం వెళ్లి సినిమా చూసి, గోళీసోడా తాగి వచ్చాం.

ఓ పొద్దున్న బడికి వెళ్తూ ఊరి బయట పుంత దగ్గర ఆగాను. అక్కడ ఇద్దరు కూర్చుని కత్తిపీటలాంటి దాని మీద కప్పల్ని నడుం దగ్గర కోస్తున్నారు. కాళ్లజత ఐసు పెట్టెలోకి, మిగతా సగం పక్కనున్న గోతిలోకి. ఆ గోతిలో పడ్డ సగం కప్పలు ఇంకా చేతులతో పాకుతున్నాయి. కాకులు గోతి చుట్టూ చేరాయి. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను, బడికి పోలేదు. ఆ రాత్రి మావయ్య పిలిస్తే కడుపునొప్పి అని చెప్పి పడుకున్నాను. నాన్న ఏమీ అడగలేదు. ఆయన మొదటినుంచీ మా చేను గట్ల మీదకి ఎవరినీ రానివ్వలేదు గానీ, గట్టు ఎక్కడ ఉందో కప్పకి తెలుసా? పక్కచేలోకి గెంతితే సంచిలో పడేది.

ఇది మా ఊరి కథ ఒక్కటే కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజుల్లో మన దేశం నుంచి ఏటా వేల టన్నుల కప్పకాళ్లు అమెరికాకీ యూరప్‌కీ వెళ్లేవి. ఒక టన్ను కాళ్లంటే ఎన్ని కప్పలో ఆలోచించండి. చివరికి 1985లో ఈ బోదురుకప్పని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉండే జీవుల జాబితాలో చేర్చారు, 1987లో భారత ప్రభుత్వం ఎగుమతి పూర్తిగా ఆపేసింది. అప్పటికి మా ఊళ్లో ఆపడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

సంచులు నిండిన రెండేళ్లకి ఓ తొలకరి వచ్చింది. వాన బాగానే పడింది. అరుగు మీద నాన్న పడుకున్నారు, నేను గుమ్మంలో. కీచురాళ్లు వినపడుతున్నాయి, చూరు నీళ్లు వినపడుతున్నాయి. చాలాసేపటికి నాన్న లేచి కూర్చుని, "కప్పలు అరవట్లేదేంట్రా?" అన్నారు. ఎక్కడో దూరంగా ఒకటి రెండు. అంతే. ఆయన లాంతరు పట్టుకుని వానలోనే బోదె దాకా వెళ్లొచ్చారు. వచ్చి ఏమీ మాట్లాడలేదు. ఆ గోనెసంచి మూతి పట్టుకున్నది నా చేతులే అని ఆయనకి తెలుసు. ఆ రాత్రి ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఈరోజుకీ అనిపిస్తుంది.

ఆ ఏడు తొలి పంట సార్వాకే, వరిని పట్టే సుడిదోమ అనే పురుగు వచ్చింది. దసరా వెళ్లిన వారానికి, పొట్టమీదున్న చేలో బండిచక్రమంత మేర పసుపుగా మారింది. మర్నాడు అది మంచమంత అయింది. వారానికి చేను మధ్యలో మంట పెట్టినట్టు గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయింది. దుబ్బు మొదట్లో, నీటికి పైన జానెడు ఎత్తులో, గోధుమరంగు పురుగులు నువ్వులు జల్లినట్టు. రసం పీల్చేస్తాయి. అప్పుడే స్వర్ణ వడ్లు కొత్తగా వచ్చాయి, పక్కనే ఉన్న మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన రకం. దిగుబడి చూసి ఊరంతా అదే వేశారు. బంగారం లాంటి రకమే, ఇప్పటికీ అదంటే నాకు అభిమానమే. కానీ దోమకి తట్టుకోదు. దానికి తోడు యూరియా దండిగా, నాట్లు దగ్గరదగ్గరగా. దోమకి కావలసింది అదే, నీడా తేమా లేత ఆకూ.

మందుల కొట్టాయన చెప్పినవన్నీ కొట్టారు. ఎండ్రిన్, బీహెచ్‌సీ పొడి, గుళికలు. ఎండ్రిన్ అంటే మా వైపు పురుగుమందు పేరులా కాకుండా చావు పేరులాగే పలికేవారు, ఎన్ని ఇళ్లలో ఏడుపులు పెట్టించిందో లెక్కలేదు. 1990లో గానీ దాన్ని నిషేధించలేదు. కొట్టిన రోజు సాయంత్రం బోదె నిండా చిన్నచేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలేవి. వాటిని తిన్న కొంగ ఒకటి మా మకాం దగ్గర రెక్కలు విడదీసి కూలబడింది. దోమ మాత్రం వారం తగ్గి, పదిహేను రోజులకి రెట్టింపయి వచ్చింది. ఆ ఏడు మూడెకరాలకీ కలిపి తిండిగింజలు కూడా రాలేదు. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి.

ఊళ్లో చాలామంది కప్పల ఉసురు తగిలిందన్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. చేలో కప్ప తిరిగితే పురుగుని తింటుంది, నిజమే. కానీ దోమ అలా విరుచుకుపడడానికి అది ఒక్కటే కారణం కాదు. ఆ సంగతి నాన్నకే ముందు తెలిసింది, 20 ఏళ్ల తర్వాత, వ్యవసాయ శాఖ వాళ్ల పొలంబడిలో. ఆయనకి అప్పటికి 60 దాటాయి. వారం వారం చేలో దిగి, దుబ్బులు లెక్కపెట్టి, కాగితం మీద పురుగుల బొమ్మలు వేయించేవారట. నేను పండక్కి వెళ్తే నన్ను చేలోకి లాక్కుపోయి, పంచె ఎగ్గట్టి, నీళ్లలో గొంతుక్కూర్చుని, ఒక దుబ్బుని ఎడంచేత్తో వంచి కుడిచేత్తో రెండు దెబ్బలు తట్టారు. నాలుగైదు దోమలు నీళ్ల మీద పడ్డాయి. "దుబ్బుకి 20, 25 దాకా ఉంటే అప్పుడు ఆలోచించాలి, నాలుగింటికి కాదు" అన్నారు. అంతలో దుబ్బు మొదట్లోంచి బూడిదరంగు సాలీడు ఒకటి నీళ్ల మీదే పరిగెత్తుకుంటూ వచ్చింది, నేల మీద పరిగెత్తినట్టే, మునక్కుండా. వచ్చి పడ్డ దోమని పట్టుకుని మళ్లీ నీడలోకి పోయింది. దాని వీపు నిండా గసగసాల్లా పిల్లలు. గూడు అల్లదు, వేటాడి తింటుంది, రోజుకి ఐదు నుంచి పదిహేను దోమల్ని. ఇంకో ఆకుపచ్చ నల్లి, చీమంత ఉంటుందో ఉండదో, మిరిడ్ నల్లి అంటారు, అది దోమ గుడ్లని పీల్చేస్తుంది. దోమ గుడ్లు కాడ లోపల పెడుతుంది, అందుకని మందు వాటికి అందదు. కొట్టిన మందుకి సాలీళ్లూ నల్లులూ చచ్చేవి, గుడ్లు చల్లగా ఉండి వారంలో పిల్లలయ్యేవి, తినేవాడు ఉండడు. "మనమే కాపలావాళ్లని చంపి దొంగని పిలిచామురా" అన్నారు నాన్న. ఆ మాట అంటూ ఆయన ఇంకా దుబ్బు వదల్లేదు.

ఇండోనేషియాలో కూడా ఇదే జరిగిందట. దోమ దెబ్బకి తట్టుకోలేక 1986లో వాళ్లు వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఒక్కసారే నిషేధిస్తే దోమ అదుపులోకి వచ్చింది. మన దగ్గర కప్పకాళ్ల ఎగుమతి ఆగాక ఆ వ్యాపారం ఎక్కువగా వెళ్లింది కూడా ఆ దేశానికే. సాలీడుని కాపాడుకున్న చోటే కప్పని అమ్ముకున్నారు. వాళ్లని అనడానికి నాకు నోరు రాదు.

పొలంబడి తర్వాత మా చేలో ప్రతి రెండు మీటర్లకీ కాలిబాటలు తీశారు, గాలీ వెలుతురూ ఆడడానికి. స్వర్ణ మానేసి దోమకి తట్టుకునే విజేత రకం వేశారు. తాటిమట్టలు మళ్లీ లేచాయి. మందు పూర్తిగా మానలేదు గానీ, చాలా తగ్గింది. కప్పలు కొంత కొంతగా వచ్చాయి, చిన్నవి ముందు. ఊరు మాత్రం ఆగలేదు. 90ల్లోనే మొదలైన చేపల చెరువులు ఒక్కో చేనునీ మింగుతూ వచ్చాయి. ఇప్పుడు మా మూడెకరాలకి మూడు వైపులా చెరువులే, నాలుగో వైపు బోదె. చెరువుగట్టు మీద నిలబడితే కొంగలు కనిపిస్తాయి, కప్పకి మాత్రం ఆ లోతు నీళ్లు, ఆ చేపల నోళ్లు పనికిరావు. దానికి కావలసింది చీలమండ లోతు నీళ్లు, గట్టు మీద గడ్డి, ఎండాకాలం దాక్కోడానికి కాస్త తడి మట్టి. అంత చిన్న కోరిక.

ఇంకొక సంగతి. మా పిన్ని కొడుకు పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డాడు, అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఓసారి ఫోన్లో నేను బోదురుకప్పల గురించి బాధపడుతుంటే, "అన్నయ్యా, ఇక్కడ అవే పెద్ద తలనొప్పి" అన్నాడు. నమ్మలేకపోయాను. తర్వాత చదివితే నిజమే. ఇక్కడి నుంచి చేపపిల్లలతో కలిసి వెళ్లి ఉంటాయంటారు, అండమాన్‌లో విపరీతంగా పెరిగిపోయాయి. వీటి తోకకప్పలు అక్కడి కప్పల పిల్లల్ని తినేస్తాయి, పెద్దవి కోడిపిల్లల్ని కూడా పట్టేస్తున్నాయట. అక్కడి కప్పలకి వీటి అలవాటు లేదు మరి. అదే కప్ప, మా బోదెలో అరిస్తే నాన్నకి నిద్ర పట్టేది, అక్కడ అరిస్తే ఇంకోళ్ల బోదె ఖాళీ అవుతోంది. ఆ రోజు చాలాసేపు దీని గురించే ఆలోచించాను. దాని తప్పేముంది, దాన్ని తెలిసిన చేలోంచి తీసింది ఎవరు?

నాన్నకి ఇప్పుడు 83. అమ్మ పోయాక హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంటున్నారు, ఆరో అంతస్తు ఫ్లాట్‌లో. చెవులు సగం పోయాయి. చేను కౌలుకి చేస్తున్న తమ్ముడి వరస అబ్బాయికి నేను ఒకటే చెప్పాను, కౌలు ఓ బస్తా తక్కువ ఇచ్చినా పర్లేదు, బోదె గట్టు గడ్డి మాత్రం మందు కొట్టి మాడ్చకు, చెరువుకి ఇవ్వమని ఎవరొచ్చినా నాతో మాట్లాడమను.

మొన్న జూన్‌లో ఓ రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వాన పడుతోంది, విను" అని ఫోన్ని బోదె మీదకి చాచి పట్టుకున్నాడు. ముందు వాన హోరు తప్ప ఏమీ తెలీలేదు. తర్వాత చిన్నవి. ఆ తర్వాత, వాటి కింద నుంచి, లోగొంతుకతో ఒకటి. లేచి వెళ్లి నాన్నని తట్టి లేపి, సౌండ్ పూర్తిగా పెంచి ఫోన్ ఆయన కుడిచెవికి ఆనించాను, అది కాస్త నయం. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. నేను ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆగమన్నారు. చాలాసేపటికి, "పెద్దది ఒకటుందిరా" అన్నారు.